చిన్న బెంచీలు

ఆ రాత్రి రైలుకి దీపాల్లేవు.
ఎక్కడికో చెప్పకుండా ఎక్కించారు,
సభ్యుల్నీ, షార్ట్‌హ్యాండ్ రాసే మా నలుగురినీ,
గోనెసంచుల్లో కట్టిన చట్టాల పుస్తకాల్నీ.
వాటి పక్కనే ఎవరిదో ఉల్లిపాయల మూట.
వెనకాల హెల్సింకి కాలుతోంది.
పగలు ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు
ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయారు,
ఎడమ పక్షం కుడి పక్షం మీదికి ఒరిగి గురక పెట్టింది.
అది నేను రాసుకోలేదు.
సభ ఇంకా మొదలవలేదుగా.

తెల్లారాక కౌహయోకి.
మోకాటిలోతు మంచు, అందులో ఒక బడి.
హిల్మా అనే ఆయా తలుపు తీసి
దేశాన్ని ఎగాదిగా చూసి
"బూట్లు దులుపుకుని రండి" అంది.

పన్నెండేళ్ల పిల్లలకి కొలిచి చేసిన బెంచీలవి.
మంత్రిగారి మోకాళ్లు గడ్డానికి తగిలేవి.
బుడ్లో సిరా గడ్డకడితే
హిల్మా చంకలో పెట్టుకుని కరిగించి తెచ్చేది.
ఆ చలికాలపు చట్టాలన్నీ
ఒక ఆడమనిషి ఒంటివేడితో రాసినవే.
నల్లబల్ల మీద ఎవడో సగంలో వదిలిన భాగహారం.
తుడవబోతే ఒప్పుకోలేదు:
"వాడొచ్చి పూర్తిచేస్తాడు. మీ లెక్క మీరు చూసుకోండి."

మూడో బెంచీలో తావెట్టి కురోనెన్,
వీపురి అవతలి పల్లెల సభ్యుడు.
మాట్లాడితే పాల ధర, లేకపోతే వంతెనలు.
ఆయన ప్రసంగమంటే నాకిష్టం,
కొంకర్లు పోయిన వేళ్లు అందుకునేంత నెమ్మది.
ప్రతిసారీ "మా జిల్లాలో" అని మొదలెట్టేవాడు.
ఆ మాటకి నా సొంత గుర్తొకటి పెట్టుకున్నాను,
చిన్న కొక్కెం లాంటిది.

మార్చిలో శాంతి వచ్చింది.
మళ్లీ రాజధానిలో, రాతి స్తంభాల వెనక,
పటం పరిచి కొత్త గీత చూపించారు.
కురోనెన్ జిల్లా గీతకి అవతల పడింది.
ఓటేసినవాళ్లు ఇవతలికి వచ్చేశారు,
ఆవులతో, గోడగడియారాలతో, పులిసిన పిండి తొట్టెలతో.
జిల్లా పోతే సభ్యుడు పోవాలని
ఏ చట్టంలోనూ లేదు.
పేరు పిలిస్తే లేచి "ఉన్నాను" అనేవాడు.

మూడేళ్ల కోసం ఎన్నుకున్న సభ.
మళ్లీ యుద్ధమొచ్చింది, ఓట్లు పెట్టే వీల్లేదు,
తన ఆయుష్షు తనే పొడిగించుకుంది.
ఆ రోజు ఒకాయన లేచి
"రొట్టె జనానికి తూచి ఇస్తున్నాం,
రోజులు మాత్రం మనకి మనమే వడ్డించుకుంటున్నాం" అన్నాడు.
(నవ్వులు) అని రాశాను.
అవి నవ్వులేనా అని ఇప్పటికీ అనుమానం.

ఈలోగా కురోనెన్‌కి ఉత్తరాలు.
ఒక్కో కవరు మీద ఒక్కో ఊరి ముద్ర,
లోపల మాత్రం అందరిదీ పాత చిరునామానే.
వప్పు అనే ముసలామె రాసింది:
"అయ్యా, తొందర్లో బావి మీద మూత వెయ్యకుండా వచ్చేశాను.
అక్కడ ఇప్పుడు ఎవరి పిల్లలున్నా పిల్లలే కదా.
ఎవరికి చెప్పాలి?"
మంత్రికి ప్రశ్నగా టైపు చెయ్యమన్నాడు.
చేశాను. నంబరు పడింది.
జవాబు రాలేదు.

సైన్యం గీత దాటి వెళ్లిన ఏడాది తర్వాత
వప్పు కూడా ఇంటికి వెళ్లింది.
కార్డు ముక్క: "బావి బాగానే ఉంది. మూత వేశాను."
నలభై నాలుగులో గీత మళ్లీ వెనక్కొచ్చింది.
మళ్లీ బండి, మళ్లీ ఆవు.
మరో కార్డు, ఎప్పుడూ వినని ఊరి నుంచి:
"ఈసారి మూత వేసే వచ్చాను."

ఆరో చలికాలం చివర్లో, ఎన్నికలకి ముందు,
కురోనెన్ నా బల్ల దగ్గర నిలబడ్డాడు.
ఆయన మళ్లీ పోటీ చెయ్యడం లేదు,
"ఏ ఊరికెళ్లి అడగను?" అన్నాడు.
జేబులోంచి ఆ కార్డు తీసి
రికార్డులో చేర్చగలరా అని అడిగాడు.
సభలో పలకని మాట చేర్చకూడదు. నిబంధన.
అదే చెప్పాను.
తలూపి, కార్డు అక్కడే వదిలి, టోపీ పెట్టుకుని వెళ్లాడు.

ఆ భాగహారం సంగతి నాకు తెలీదు.
హిల్మాని అడుగుదామనుకుంటూనే ఏళ్లు గడిచాయి.
కార్డు మాత్రం నా సొరుగులోనే ఉంది,
వెనకవైపు నేను గీసిన కొక్కెంతో.